మూయని కుండలీకరణం

కొండగట్టు ఆంజనేయస్వామి క్షేత్రానికి సమీపాన ఉన్న నాచుపల్లిలో 2007లో జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు ఇంజనీరింగ్ కళాశాల వెలసింది. అప్పుడది కరీంనగర్ జిల్లా. 2016 నుండి జగిత్యాల జిల్లా.

తెలుగు మాధ్యమంలో చదివి అటువంటి కళాశాలలో చేరిన ఒక విద్యార్థిని తన తొలి ‘సి’ ప్రోగ్రామును రాసిందనుకుందాం. ఉన్నవి ఇరవై పంక్తులే. ఎనిమిదో పంక్తిలో తెరిచిన ఫ్లవర్ బ్రాకెట్టును మూయడం మరచింది. ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చే కంపైలరు మాత్రం చివరి పంక్తిని చూపి, రాసినది అర్ధాంతరంగా ముగిసిందని ఆంగ్లంలో తెలుపుతుంది. ఆ పంక్తిలో ఎంత వెదికినా దోషం కానరాదు. గంటసేపు వెదికి, ఈ విద్య తనకు అబ్బదని ఆమె నిశ్చయించుకుంటుంది. మరపు ఆమెదే, కాని దారి తప్పించినది ఆ సందేశం.

మన భాషలోనూ ఇటువంటి స్థితి ఉంది. ‘గుట్ట ఎక్కి, స్వామిని దర్శించి, ప్రసాదం తీసుకొని’ అని ఆపితే వాక్యం ముగియదు. సమాపక క్రియ కోసం శ్రోత ఎదురుచూస్తాడు. అయితే మాట ఎక్కడ తెగిందో గ్రహించి, ‘తరువాత?’ అని అడుగగలడు. కంపైలరుకు ఆ నేర్పు లేదు.

అది తెరిచిన ప్రతి బ్రాకెట్టునూ పళ్లేల దొంతరవలె ఒకదానిపై ఒకటి పేరుస్తుంది. మూసే గుర్తు రాగానే పైనున్నదానిని తొలగిస్తుంది. పై ప్రోగ్రాములో మొదట ‘మెయిన్’, ఎనిమిదో పంక్తిలో ‘ఫర్’ తెరుచుకున్నాయి. చివర ‘మెయిన్’ కోసం రాసిన గుర్తు, మూయకుండా మిగిలిన ‘ఫర్’కు ముగింపయింది. దొంతరలో మిగిలినది ‘మెయిన్’. నిర్దోషి పట్టుబడిందన్నమాట! కనుక సందేశంలోని పంక్తి సంఖ్య దోషం జరిగిన చోటు కాదు, దోషం బయటపడిన చోటు. అక్కడినుండి వెనుకకు వెదకాలి.

ఈ చిక్కును తగ్గించే ప్రయత్నాలు జరిగాయి. 2018లో వెలువడిన జీసీసీ ఎనిమిదవ వెర్షన్, మూసే గుర్తు లోపించినపుడు, దానికి జతగా తెరిచిన చోటును కూడా చూపసాగింది. మేలే, కాని పై ఉదాహరణలో తెరిచి ఉన్నట్లు తోచేది ‘మెయిన్’ కదా!

రస్ట్ భాషా కంపైలరు మరింత లోతుగా ఆలోచిస్తుంది. బ్రాకెట్టు లోపలి భాగాన్ని కొంత ఖాళీ విడిచి రాయడం ప్రోగ్రామరుల అలవాటు. యంత్రానికి ఆ ఖాళీతో పనిలేదు; అది చదివే మనిషి కోసం. ఖాళీ విడిచి తెరిచిన బ్రాకెట్టును, అంచుకు ఆనుకొని ఉన్న గుర్తు మూసినట్లయితే రస్ట్ అనుమానిస్తుంది. ఆ జంటను చూపి, ఇది సరిగా మూయబడి ఉండకపోవచ్చునని చెబుతుంది. ‘ఉండకపోవచ్చు’ అన్న ఆ సందేహార్థకం వ్యాకరణం చెప్పే నాకు ఎంతో నచ్చింది. ఖాళీలను అడ్డదిడ్డంగా విడిచినవారి విషయంలో ఆ ఊహ కూడా తప్పవచ్చు.