మాట తెలిశాకే మదుపు

మ్యూనిక్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఉద్యోగంలో చేరి, నాలుగు జీతాలు చేతికి రాగానే మనవాళ్లలో చాలామంది ఫోన్‌లో ట్రేడింగ్ యాప్ పెట్టుకుంటారు. మంచిదే. ఖాతా తెరవడం క్షణాల పని. అందులో కనిపించే మాటల వెనక ఏముందో తెలుసుకోవడానికి మాత్రం కొన్ని సాయంత్రాలు పడుతుంది. ఆ సాయంత్రాలు కేటాయించండి. ఈ మాటల్ని జర్మన్లు చాలా డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నారు. మనకు ఆ ఖర్చు అక్కర్లేదు.

ఐపీఓతో మొదలుపెడదాం. కంపెనీ తన షేర్లను తొలిసారి జనానికి అమ్మడమే ఐపీఓ. 1996 నవంబరులో, అప్పటిదాకా ప్రభుత్వం చేతిలో ఉన్న డాయిచ్ టెలికాం మార్కెట్‌కు వచ్చింది. షేరు ధర అప్పటి జర్మన్ కరెన్సీలో 28.50 మార్కులు. టీవీలో డిటెక్టివ్ పాత్రతో ఇంటింటికీ తెలిసిన నటుడు మాన్‌ఫ్రెడ్ క్రూగ్ ప్రకటనల్లో కనిపించారు. బ్యాంకు పొదుపు పుస్తకం తప్ప మరొకటి ఎరగని కుటుంబాలెన్నో కొన్నాయి. 2000 మార్చిలో ధర వంద యూరోలు దాటింది. ఆ జూన్‌లో మరికొన్ని షేర్లను 66.50 యూరోలకు జనానికి అమ్మారు. 2002లో ధర పది యూరోల కిందికి పడిపోయింది. కంపెనీ మూతపడలేదు, ఈనాటికీ దేశంలోని పెద్ద కంపెనీల్లో ఒకటి. అయినా ఆ 66.50 మళ్లీ కనిపించలేదు.

కంపెనీ మంచిదా అన్నది ఒక ప్రశ్న. ఈ ధరకు కొనొచ్చా అన్నది వేరే ప్రశ్న. ఈ రెండోదానికి పనికొచ్చేదే పీఈ నిష్పత్తి. షేరు ధరను, ఒక్కో షేరుకు ఏడాదిలో వచ్చిన లాభంతో భాగించండి. ధర 60 యూరోలు, లాభం 3 యూరోలైతే పీఈ 20. లాభం పెరగకపోతే, మీరు పెట్టినంత సొమ్మును కంపెనీ సంపాదించడానికి ఇరవై ఏళ్లు పడుతుందన్నమాట. అదే రంగంలోని మిగతా కంపెనీల పీఈతో పోల్చి చూడండి. ఈ లెక్క వేయకుండా స్నేహితుడు కొన్నాడని కొనడం గొర్రెదాటు.

డివిడెండ్ అంటే కంపెనీ తన లాభంలోంచి వాటాదార్లకు పంచే సొమ్ము. జర్మన్ మార్కెట్ సూచీ డాక్స్ దాన్ని కూడా కలుపుకునే లెక్కిస్తుంది. మన సెన్సెక్స్ కలుపుకోదు. అందుకే ఆ రెండింటి అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఏది ఎక్కువ పెరిగిందో తేల్చేయకండి.

ఇక డైవర్సిఫికేషన్, అంటే సొమ్మంతా ఒకేచోట పెట్టకపోవడం. దీని విలువ తెలియాలంటే వైర్‌కార్డ్ కథ తెలుసుకోవాలి. మ్యూనిక్ దగ్గరి ఈ చెల్లింపుల కంపెనీ 2018లో డాక్స్‌లో చేరింది. ఆడిటర్లు ఏటా లెక్కలు చూశారు. 2020 జూన్‌లో, ఆ లెక్కల్లో చూపిన 190 కోట్ల యూరోలు అసలు లేనే లేవని తేలింది. ఆ నెల 17న వంద యూరోల పైనున్న షేరు 26 నాటికి రెండు యూరోల లోపు పలికింది. ఎంత చదువుకున్న మదుపరి అయినా దాన్ని ముందుగా పసిగట్టగలిగేవాడని నేను అనుకోను. కానీ డాక్స్‌లోని కంపెనీలన్నింట్లో కొంత కొంత పెట్టినవాడికి తగిలింది చిన్న దెబ్బే. అలా సూచీ మొత్తాన్నీ ఒకేసారి కొనిపెట్టేది ఈటీఎఫ్. నెలనెలా ఇంత అని అందులో వేసే స్పార్‌ప్లాన్ మన సిప్ లాంటిదే. కొత్తవాళ్లు ఇక్కడి నుంచే మొదలుపెట్టాలని నా గట్టి నమ్మకం. వచ్చే రెండేళ్లలో అవసరమయ్యే డబ్బు మాత్రం ఇందులో వేయొద్దు.

విడి షేరు కొంటే లిమిట్ ఆర్డర్ పెట్టండి. మీరు చెప్పిన ధర దాటి అది కొనదు.

చివరగా పన్ను. లాభాలపైనా డివిడెండ్లపైనా 25 శాతం, ఆ పన్ను మీద సాలిడారిటీ సర్‌చార్జి, చర్చి పన్ను పరిధిలో ఉంటే అది కూడా, జర్మన్ బ్యాంకే కోసుకుంటుంది. ఏడాదికి 1000 యూరోల వరకు మినహాయింపు ఉంది, భార్యాభర్తలు కలిసి రిటర్ను వేస్తే 2000. కానీ ఫ్రైష్టెలుంగ్స్‌ఔఫ్‌ట్రాగ్ అనే ఫారం ఇవ్వకపోతే మొదటి యూరో నుంచే కోత పడుతుంది, తిరిగి రాబట్టడానికి రిటర్ను వేయాలి. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే ఆ మొత్తాన్నే వాటి మధ్య పంచుకోవాలి. ఖాతా తెరిచిన రోజే ఆ ఫారం నింపేయండి, ఏం కొనాలన్నది ఆ తర్వాత చూసుకోవచ్చు.