మందు పంపుకు లిథియం బ్యాటరీ వేశారా? పాత చార్జరు పనికిరాదు

ఒకప్పుడు ద్రాక్ష తోటలకు పేరుపడిన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతంలో ఇప్పుడు కూరగాయలు, ఆకుకూరలు సాగు చేసే చిన్న రైతులకు బ్యాటరీతో నడిచే మందు పంపు ఎంతో ఆసరా. ఈ పంపుల్లో చాలావాటికి 12 వోల్టుల సీసపు బ్యాటరీ ఉంటుంది. దాని బరువే రెండు కిలోలు దాటుతుంది. అది పాడైతే కొందరు తేలికపాటి లిథియం అయాన్ బ్యాటరీ వేయించుకుంటున్నారు. అంతవరకు మంచిదే. కానీ చార్జరు మాత్రం పాతదే వాడితే ప్రమాదం. ఎందుకో, సరైన చార్జింగ్ సర్క్యూట్ ఎలా తయారు చేయించుకోవాలో ఈ వారం తెలుసుకుందాం.

పాత చార్జరుతో ముప్పు ఏమిటి?

లిథియం బ్యాటరీలో ఒక్కో సెల్ నిండినప్పుడు 4.2 వోల్టులు ఉంటుంది. బ్యాటరీ మీద 11.1 వోల్టులు అని రాసి ఉంటే మూడు సెల్‌లు వరుసగా కలిపారని అర్థం. అంటే మూడు ఇంటూ 4.2, మొత్తం 12.6 వోల్టుల దగ్గర ఆగాలి. సీసపు బ్యాటరీ చార్జరు సుమారు 14.4 వోల్టుల దాకా ఇస్తుంది. దాన్ని మూడుతో భాగిస్తే సెల్‌కు 4.8 వోల్టులు. అంత వోల్టేజీ పడితే లోపల లిథియం లోహంగా పేరుకుంటుంది, ద్రావణం విడిపోయి గ్యాసు పుడుతుంది, సెల్ ఉబ్బుతుంది. చివరికి మంట లేస్తుంది. బ్యాటరీలో రక్షణ బోర్డు ఉంది కదా, ఏం కాదులే అనుకోవద్దు. అది ఆఖరి కాపలా మాత్రమే. అది చెడిపోయిందా, అడ్డుకునేది ఇంకేమీ ఉండదు.

మరో సంగతి. బ్యాటరీ మీద 12.8 వోల్టులు అని ఉంటే అది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. అందులో నాలుగు సెల్‌లు ఉంటాయి, నిండితే 14.6 వోల్టులు. ఒకదాని చార్జరు ఇంకోదానికి వాడరాదు. కొనేటప్పుడే రకం అడిగి, బ్యాటరీ మీద పెన్నుతో పెద్దగా రాసి పెట్టుకోండి.

చార్జింగ్ రెండు దశల్లో

ఖాళీ తొట్టిలోకి నీళ్లు ధారాళంగా వదులుతాం. అంచుకు వచ్చేసరికి ధార తగ్గిస్తాం. లిథియం చార్జింగ్ కూడా అంతే. మొదటి దశలో కరెంటు స్థిరంగా పోతుంది, వోల్టేజీ మెల్లగా పెరుగుతుంది. 12.6 చేరాక రెండో దశ. అక్కడ వోల్టేజీ కదలదు, కరెంటే తగ్గుతూ వస్తుంది. మొదటి కరెంటులో పదో వంతుకు తగ్గితే బ్యాటరీ నిండినట్టే. అప్పుడు తీసేయాలి.

8 ఆంపియర్ అవర్ బ్యాటరీకి 2 ఆంపియర్లు చాలు. లెక్క ప్రకారం నాలుగు గంటలు, రెండో దశతో కలిపి సుమారు ఐదు గంటలు పడుతుంది.

కావలసిన సామాను

వోల్టేజీకి, కరెంటుకు వేర్వేరు మరలు ఉన్న 5 ఆంపియర్ల మాడ్యూల్ ఒకటి తీసుకోవాలి. ఎక్స్‌ఎల్ 4015 చిప్‌తో వచ్చేది సరిపోతుంది. కోఠి గుజరాతీ గల్లీలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాల్లో అడగండి. దానికి తోడు 19 వోల్టులు, 3 ఆంపియర్ల ల్యాప్‌టాప్ అడాప్టరు, 5 ఆంపియర్ల ఫ్యూజు, ఒక మల్టీమీటరు కావాలి. పని తెలిసిన మెకానిక్‌ను దగ్గర ఉంచుకోండి.

అమర్చే వరుస

1. అడాప్టరు తీగలు మాడ్యూల్ ఇన్‌పుట్‌కు కలపాలి. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్ల తీగ మైనస్‌కు. బ్యాటరీ ఇంకా కలపవద్దు.

2. స్విచ్ వేసి అవుట్‌పుట్ దగ్గర మీటరు పెట్టి, వోల్టేజీ మరను 12.6 వచ్చేదాకా తిప్పాలి. ఒక్క పాయింటు కూడా దాటరాదు.

3. కరెంటు మరను పూర్తిగా తగ్గించాలి. మీటరును 10 ఆంపియర్ల రంధ్రానికి మార్చి అవుట్‌పుట్ రెండు కొసల మధ్య పెట్టి, మర మెల్లగా తిప్పి 2 ఆంపియర్లకు తేవాలి. కొన్ని క్షణాల్లోనే ముగించాలి. తర్వాత మీటరు తీగ మళ్లీ వోల్టు రంధ్రంలోకి మార్చడం మరిచిపోవద్దు.

4. ప్లస్ తీగలో ఫ్యూజు వేసి, అప్పుడు బ్యాటరీ కలపాలి.

5. మొదటిసారి పక్కనే ఉండి అరగంటకోసారి వోల్టేజీ చూడాలి. నిండాక ముందు బ్యాటరీ విప్పి, తర్వాత అడాప్టరు తీయాలి.

పంపు వాడేటప్పుడు బ్యాటరీ 9 వోల్టులకు పడిపోతే ఆపేయండి. 7.5 కంటే కిందికి దిగిన బ్యాటరీకి 0.2 ఆంపియర్లు మాత్రమే ఇచ్చి 9 వోల్టులకు తేవాలి. పెరగకపోయినా, వేడెక్కినా ఇక దాన్ని వాడవద్దు.

జాగ్రత్తలు

ఎండాకాలం రేకుల షెడ్డులో చార్జింగ్ పెట్టవద్దు. 45 డిగ్రీలు దాటితే లిథియం బ్యాటరీ చార్జ్ చేయరాదు. పొలం నుంచి రాగానే కాదు, బ్యాటరీ చల్లబడ్డాకే పెట్టాలి. గడ్డివాము, పశువుల కొట్టం, డీజిల్ డబ్బాల దగ్గర వద్దు. రాత్రి పెట్టి ఇంట్లో పడుకోవద్దు. పగలు, మనిషి కంటి ముందు, బండ మీద పెట్టండి. పొగ వస్తే మెయిన్ స్విచ్ ఆపి అందరూ దూరం జరగాలి. ఆ పొగ విషం.

ఉబ్బిన బ్యాటరీని పొడవడం, విప్పడం, చెత్తలో కాల్చడం ఎంతమాత్రం చేయవద్దు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించే బాధ్యత తయారీదారులది. కొన్న దుకాణానికే తిరిగి ఇవ్వండి.

ఇంట్లో ఇప్పటికే లిథియం బ్యాటరీ ఉన్నవారు ఈ రోజే దాని మీద, చార్జరు మీద రాసిన వోల్టులు చదివి పోల్చి చూసుకోండి. 11.1 బ్యాటరీకి 12.6 చార్జరు, 12.8 బ్యాటరీకి 14.6 చార్జరు. అంకెలు కలవకపోతే ఆ చార్జరును పక్కన పెట్టేయండి.