చేయండి, చేయకండి

కూడంకుళం అణు విద్యుత్ కేంద్రంలోకి వైరస్ చొరబడిందని 2019 అక్టోబరు చివర్లో గగ్గోలు పుట్టింది. కంట్రోల్ వ్యవస్థ మీద సైబర్ దాడి అసాధ్యమని విద్యుత్ కేంద్రం వాళ్లు 29న ప్రకటించారు. మర్నాడే దాన్ని నడిపే ఎన్‌పీసీఐఎల్ నోరు విప్పి, వైరస్ దొరికిన మాట నిజమేనంది. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఆ సంగతి సెప్టెంబరు 4నే తమకు చెప్పిందని కూడా ఒప్పుకుంది. ఇంతకీ అది దొరికింది పరిపాలన పనులకు వాడే, ఇంటర్నెట్ ఉన్న నెట్‌వర్కులో, ఒక ఉద్యోగి పీసీలో. రియాక్టర్ల నెట్‌వర్కు వేరు కాబట్టి వాటికేమీ కాలేదు.

అందరూ రియాక్టర్ల గురించి మాట్లాడారు. నా దృష్టి మాత్రం ఆ పీసీ మీదే ఉండిపోయింది. అలాంటిది మీ బల్ల మీదా ఉంది. సెలవు చీటీలు, టూర్ బిల్లులు, టెండరు కాగితాలు, మధ్యలో పిల్లల స్కూలు ఫీజు, అన్నీ దాంట్లోనే. ‘మాది చిన్న ఉద్యోగం, మా దగ్గరేముంది దోచుకోవడానికి?’ అంటారు చాలామంది. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్‌నే తీసుకోండి. మన ఓటింగ్ యంత్రాలు తయారుచేసేది రెండే ప్రభుత్వ సంస్థలు. బెంగళూరులోని బెల్ ఒకటైతే ఇది రెండోది. అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్ పరికరాలూ ఇదే చేస్తుంది. ఓటూ అణువూ ఒకే ప్రహరీ లోపల ఉన్నాయన్నమాట. ఇలాంటి పెద్ద సంస్థకు సరుకు అందించే ఏ చిన్న యూనిట్లోనో మీరు స్టోర్‌కీపరో అకౌంటెంటో అయి ఉండొచ్చు. మీ మెయిల్ నుంచి వెళ్లిన ఇన్‌వాయిస్‌ని అవతలివాళ్లు ఇంకో ఆలోచన లేకుండా తెరుస్తారు. మీ దగ్గర దోచుకునేది ఆ నమ్మకాన్నే.

‘మా సిస్టమ్‌కి ఇంటర్నెట్టే లేదండీ’ అనే ధీమా కూడా వద్దు. ఇరాన్‌లోని నతాంజ్‌లో యురేనియం శుద్ధి చేసే యంత్రాలకూ ఇంటర్నెట్ లేదు. అయినా 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ వాటిని పాడుచేసింది. పెన్‌డ్రైవ్‌ల మీద కూడా ప్రయాణం చేయగలిగేలా రాసిన వైరస్ అది. జిరాక్స్ సెంటర్లో ఒకసారి గుచ్చి తీసిన పెన్‌డ్రైవ్‌ని మళ్లీ ఆఫీసు కంప్యూటరుకి గుచ్చకండి. జిరాక్స్ పనికి వేరే పెన్‌డ్రైవ్ ఒకటి కొనుక్కోండి, ఎంత ఖరీదని! సర్వీసు ఇంజినీరు తెచ్చిన డ్రైవ్ అయినా సరే, స్కాన్ చేశాకే.

ఇక అసలు చెప్పాలనుకున్నది మాట గురించి. 2016 మార్చిలో హిల్లరీ క్లింటన్ ప్రచార సారథి జాన్ పొడెస్టాకు, పాస్‌వర్డు మార్చుకోమంటూ గూగుల్ పేరుతో ఒక దొంగ మెయిల్ వచ్చింది. అనుమానం వచ్చి సిబ్బంది కంప్యూటర్ విభాగాన్ని అడిగారు. పద్ధతి ప్రకారం అంతా బాగానే చేశారు చూడండి! అక్కణ్నుంచి వచ్చిన జవాబు: ఇది సక్రమమైన మెయిలే, వెంటనే పాస్‌వర్డు మార్చాలి. ‘అక్రమం’ అని రాయబోయి ‘సక్రమం’ అని రాసేశానని ఆ ఉద్యోగి తర్వాత చెప్పుకున్నాడు. దొంగల చేతికి చిక్కిన ఆ మెయిళ్లు ఎన్నికలకు నెల ముందు వికీలీక్స్‌లో విడుదలవడం మొదలైంది. ఇది రష్యా గూఢచారుల పనేనని అమెరికా ప్రభుత్వం తేల్చింది.

మన భాషలో ఈ ప్రమాదం ఇంకా దగ్గర్లో ఉంటుంది. ‘చేయండి’కీ ‘చేయకండి’కీ నడుమ ఉన్నది ఒక్క ‘క’. ఫోన్లో గబగబా కొడుతున్నప్పుడు అది జారిపోతే అర్థం తలకిందులే. అందుకని అలాంటి సందేశంలో తీర్పు చెప్పి ఊరుకోకుండా ఏం చేయాలో విడమరచి రాయండి: ‘ఇది మోసం. ఆ లింకు ముట్టుకోవద్దు. మెయిల్ అలాగే ఉంచి నాకు ఫోన్ చేయండి.’ మూడు వాక్యాల్లో ఒకటి తప్పినా మిగతా రెండూ దాన్ని పట్టిస్తాయి. అందుకున్నవాళ్లు కూడా ‘నోటెడ్ సార్’ అని పెట్టేసి ఊరుకోకుండా, తమకేం అర్థమైందో ఒక ముక్క తిరిగి రాయాలి. వంద ‘నోటెడ్ సార్’లలో చదివినవి ఎన్నో ఆ దేవుడికే తెలియాలి.

కళ్లతో చూశాం కదా అని నమ్మే రోజులూ పోయాయి. ఆరప్ అనే బ్రిటిష్ ఇంజినీరింగ్ కంపెనీ హాంకాంగ్ ఆఫీసులో ఒక ఉద్యోగికి మొదట మెయిల్ మీద అనుమానమే వచ్చింది. వీడియో కాల్‌లో ఆర్థిక విభాగం పెద్దనూ తోటివాళ్లనూ చూశాక కుదుటపడి, 15 విడతల్లో 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశారు. కాల్‌లో కనిపించిన ముఖాలన్నీ ఏఐతో అల్లినవే. ఇలాంటి కాల్ మీకొస్తే పెట్టేసి, మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకు మీరే చేయండి. ‘నన్నే అనుమానిస్తున్నావా?’ అని నిజమైన బాస్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

ఎన్నికల డ్యూటీ పడే టీచర్లకూ రెవెన్యూ సిబ్బందికీ ఇంకో మాట. 2023 సెప్టెంబరు 30న స్లొవాకియాలో పోలింగ్. దానికి రెండు రోజుల ముందు, ప్రచారం ఆగిపోయే వేళకి, ఎన్నికల్ని రిగ్గింగ్ చేయడం గురించి ఒక పార్టీ నాయకుడు మాట్లాడుతున్నట్టు దొంగ ఆడియో ఒకటి తిరిగింది. మనకూ పోలింగ్‌కి ముందు 48 గంటల మౌనం ఉంటుంది. ఖండించే వేదికలు మూతబడే ఆ వేళే ఇలాంటివాటికి అదును. డ్యూటీ గ్రూపులో వస్తే ‘నిజమా?’ అని అడగడానికి కూడా ఫార్వర్డ్ చేయకండి. నోటితో చెప్పి పైఅధికారికి మాత్రమే చూపించండి.

ప్రిసైడింగ్ ఆఫీసరుగా చేసినవాళ్లకు మాక్ పోల్ తెలుసు. ఏజెంట్ల ముందు కనీసం 50 ఓట్లు వేయించి, లెక్క చూపించి, వాటిని చెరిపేశాకే అసలు పోలింగ్. చెరపడం మరిచిపోతే ఏమవుతుందో వేరే చెప్పాలా! ఇలాంటి పొరపాటే 1979 నవంబరు 9న అమెరికా క్షిపణి హెచ్చరిక కేంద్రంలో జరిగింది. శిక్షణ కోసం తయారుచేసిన దాడి దృశ్యం అసలు కంప్యూటర్లలోకి వచ్చి, సోవియట్ క్షిపణులు వచ్చేస్తున్నాయని తెర మీద కనిపించింది. యుద్ధ విమానాలు కూడా గాల్లోకి లేచాయి. 2018 జనవరి 13న హవాయిలో డ్రిల్‌ని నిజమనుకున్న ఒక ఉద్యోగి, క్షిపణి వస్తోందని రాష్ట్రమంతటికీ ఫోన్ హెచ్చరిక పంపేశాడు. అది తప్పని అందరికీ మళ్లీ సందేశం వెళ్లడానికి 38 నిమిషాలు పట్టింది. తన ట్విటర్ పాస్‌వర్డు గుర్తులేక ట్వీటు ఆలస్యమైందని గవర్నరే తర్వాత చెప్పుకున్నారు.

తుపాను హెచ్చరికలు పంపే కలెక్టరేట్ కంట్రోల్ రూమైనా, ఆస్పత్రైనా, బ్యాంకైనా, పరీక్ష సందేశం పంపే ఐడీ వేరు, అసలుది పంపే ఐడీ వేరు ఉండాలి. ‘పైది పొరపాటు, పట్టించుకోవద్దు’ అనే సందేశాన్ని ముందే రాసి సిద్ధంగా పెట్టుకోండి. కంగారులో అది రాయడం రాదు.

పొరపాటు మీదే అయితే దాచకండి. సైబర్ దాడి గమనించిన 6 గంటల్లో తెలపాలని సెర్ట్-ఇన్ 2022లోనే సంస్థల్ని ఆదేశించింది. మీరు భయపడి సాయంత్రం దాకా ఆగితే సంస్థకు ఆ గడువు దాటిపోతుంది. డబ్బు పోతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి అప్పటికప్పుడే ఫోన్ చేయాలి. ఇక్కడ సలహా మీకన్నా మీ మేనేజరుకే ఎక్కువ అవసరం: ‘లింకు నొక్కేశానండీ’ అని వచ్చినవాణ్ని పదిమందిలో కడిగేస్తే, రేపటినుంచి ఎవరూ రారు.

అణ్వాయుధాల ప్రయోగ నిర్ణయం మనిషి చేతిలోనే ఉండాలని 2024 నవంబరులో లీమాలో బైడెన్, షీ జిన్‌పింగ్ ఒక మాట అనుకున్నారు. సంతోషం. యంత్రం చెప్పింది కాదనే వెసులుబాటు కూడా ఆ మనిషికి ఉంటేనే దానికి విలువ. మీ ఆఫీసులో సాఫ్ట్‌వేర్ తిరస్కరించమన్న దరఖాస్తు మీద సంతకం మీదైతే, ఆ వెసులుబాటు మీకుందో లేదో ఇప్పుడే రాతపూర్వకంగా అడగండి.

1983 సెప్టెంబరు 26న, అర్ధరాత్రి దాటాక, మాస్కో దగ్గర డ్యూటీలో ఉన్న సోవియట్ సైనికాధికారి స్టానిస్లావ్ పెట్రోవ్‌కి ఆ వెసులుబాటు ఎవరూ ఇవ్వలేదు, ఆయనే తీసుకున్నాడు. అమెరికా అయిదు క్షిపణులు వదిలిందని ఉపగ్రహ వ్యవస్థ మోత మోగించింది. యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదింటితో మొదలుపెట్టడు, పైగా ఈ వ్యవస్థ కొత్తది అని లెక్కవేసుకుని, ఇది తప్పుడు హెచ్చరికేనని పైకి చెప్పాడు. మేఘాల మీద మెరిసిన ఎండను ఉపగ్రహం క్షిపణులనుకుందని తర్వాత తేలింది. లాగ్‌బుక్ ఎందుకు రాయలేదని ఆయన్ని మందలించారు. ఒక చేతిలో ఫోను, రెండో చేతిలో ఇంటర్‌కమ్, మూడో చెయ్యి లేదు అన్నాడట. మీ ఆఫీసులో అలాంటి మోత మోగిన రోజున లాగ్ రాసే మూడో చెయ్యి ఎవరిదో, ఆ పేరు ఇవాళే రాసి గోడకు అంటించండి.