క్యాంపు అయిపోయిన మర్నాడు

ఇబ్రహీంపట్నం

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. నర్సింగ్ పరీక్షలు అయిపోగానే ఏదైనా అంతర్జాతీయ స్వచ్ఛంద సంస్థలో చేరతానని, సర్కారు దవాఖానలో ఉంటే ఏం మార్చగలనని రాశావు. చేరవద్దని నేను అనను. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైనదాన్ని, ఆ సంస్థల వల్ల మన థియేటర్లకూ కాన్పు గదులకూ జరిగిన మేలు నాకు తెలుసు. అయితే వాటి చేతిలో ఏముందో, ఏం లేదో తెలుసుకుని వెళ్ళు. అందుకు ఎక్కడికో పోనక్కర్లేదు. మన ఊరి సంగతే చెప్తా.

2022 ఆగస్టు 25న ఇక్కడి కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో కుటుంబ నియంత్రణ క్యాంపు జరిగింది. ఆ ఒక్కరోజే 34 మంది ఆడవాళ్ళకు డీపీఎల్ ఆపరేషన్లు చేశారు. పొట్ట మీద రెండు చిన్న గాట్లు పెట్టి, ఒకదాంట్లోంచి ల్యాప్రోస్కోపు దింపి, ట్యూబులకు రింగులు వేసే పద్ధతి అది. నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కువ రోజులు మంచం మీద ఉండనక్కర్లేదు. అందుకే క్యాంపుల్లో దానికి అంత గిరాకీ. వాళ్ళంతా ఇళ్ళకు వెళ్ళిపోయారు. తర్వాత వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. వారం తిరక్కముందే నలుగురు చనిపోయారు. మిగిలిన 30 మందినీ హైదరాబాద్‌లో నిమ్స్‌కు, అపోలోకు తరలించారు. ప్రభుత్వం వేసిన విచారణ ఇన్ఫెక్షన్ వైపే వేలు చూపింది. చిన్న చిన్న పిల్లల తల్లులు. జబ్బు చేసి దవాఖానకు పోయినవాళ్ళు కూడా కారు, ఆరోగ్యంగా నడిచి వెళ్ళినవాళ్ళు.

ఎవరి బాధ్యత ఎంత అన్నది విచారించినవాళ్ళు తేల్చే మాట. నేను ఆ రోజు అక్కడ లేను, ఆ గదిలో ఏం జరిగిందో చెప్పను. ఏ క్యాంపులోనైనా నర్సు చేతిలో ఉండే పని ఎలాంటిదో మాత్రం చెప్తా.

ల్యాప్రోస్కోపులో అద్దాలుంటాయి. మామూలు కత్తెర్లలా డ్రమ్ములో సర్ది ఆటోక్లేవ్‌లో పెట్టేస్తే చాలా స్కోపులు పాడైపోతాయి. అందుకే క్యాంపుల్లో దాన్ని మందులో నానబెడతాం. ఒకామె కడుపులోంచి తీయగానే, రక్తం ఆరి గట్టిపడకముందే విప్పి, ముక్క ముక్కా బ్రష్‌తో కడగాలి. తడి లేకుండా తుడవాలి. తడిదే వేస్తే మందు పలచబడిపోతుంది. రెండు శాతం గ్లూటరాల్డిహైడ్‌లో, మనం సైడెక్స్ అంటామే, అందులో నిలువునా మునిగేలా 20 నిమిషాలు ఉంచాలి. తీశాక స్టెరైల్ నీళ్ళతో కడిగి, అప్పుడు రెండో ఆమెకు వాడాలి. సరిగా కడగకుండా వేస్తే మురికి చాటున క్రిమి బతికే ఉంటుంది, గంటసేపు నానినా లాభం లేదు. మందు కలిపిన తేదీ ట్రే మీద రాసి ఉండాలి. ఆ తేదీ కనబడకపోతే పారబోసి కొత్తది కలపడమే, ఇంకో మాట లేదు.

ఇప్పుడు లెక్క వెయ్యి. మూడు స్కోపులు ఉన్నాయనుకో. 34 మందికి ఒక్కొక్కటి పదకొండు, పన్నెండు సార్లు తిరగాలి. తిరిగిన ప్రతిసారీ కడగడానికీ నానడానికీ కలిపి అరగంటకు పైనే. ఒక బృందం రోజుకు 30 మందికి మించి చేయకూడదన్న నియమం దేశంలో ఎప్పుడో పెట్టింది ఇందుకే. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒకే క్యాంపులో 83 మందికి చేశారు. ఆ నెలలో అక్కడి క్యాంపుల్లో ఆపరేషన్ అయిన ఆడవాళ్ళు పదముగ్గురు పోయారు. అసలు ఈ క్యాంపుల పద్ధతినే మూడేళ్ళలో ఆపించాలని 2016లో దేవికా బిస్వాస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఇబ్రహీంపట్నంలో క్యాంపు పెట్టింది ఆ తీర్పు వచ్చిన ఆరేళ్ళకు.

క్యాంపు రోజు ఎలా ఉంటుందో నువ్వింకా చూడలేదు. వరండా నిండా పరగడుపున వచ్చినవాళ్ళు. బయట చంటిపిల్లల్ని ఎత్తుకుని అవ్వలు. తమ ఊరి వాళ్ళ పేరు ఎప్పుడు పిలుస్తారని ఆశా కార్యకర్తలు. డాక్టరుగారు తర్వాతి కేసుకు గ్లౌజులు తొడుక్కుని చెయ్యి చాపుతారు. అప్పుడు ట్రే దగ్గర నిలబడ్డ నర్సు, “సార్, ఈ స్కోపు ఇంకా పది నిమిషాలు నానాలి” అనాలి. అంత చిన్న మాట అనడానికి ఎంత గుండె కావాలో! పైగా అలా అన్న నర్సును కసురుకుంటే ఇంకోసారి ఆమె నోరు విప్పదు. పక్కన చూస్తున్న ట్రైనీ అసలే విప్పదు.

ఇక నువ్వు చేరదామనుకుంటున్న సంస్థల దగ్గరికి వస్తా. ల్యాప్రోస్కోపును పేద దేశాలకు అలవాటు చేసిన సంస్థల్లో జపైగో ఒకటి. 1970ల మొదట్లో అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయానికి అనుబంధంగా పుట్టి, ఎన్నో దేశాల డాక్టర్లకు ఈ ఆపరేషన్ నేర్పింది. పరికరాలు తక్కువగా ఉండే ఆసుపత్రులు ఇన్ఫెక్షన్‌ను ఎలా ఆపాలో వివరంగా పుస్తకాలు వేసిందీ ఆ సంస్థే. వాడిన పరికరాన్ని ముందు అర శాతం క్లోరిన్ నీళ్ళలో పది నిమిషాలు ఉంచాలన్న లెక్క మా తరం నర్సులకు అలాంటి శిక్షణల్లోనే ఒంటబట్టింది. అయినా పరికరం వచ్చినంత వేగంగా దాన్ని శుభ్రపరిచే అలవాటు రాలేదు. పరికరం పెట్టెలో పెట్టి పంపితే చేరుతుంది. అలవాటును మనిషి పక్కన మనిషి నిలబడి నేర్పాలి.

నేర్పితే ఫలితం ఉంటుందా అంటే, ఉంటుంది. లైఫ్‌బాక్స్ అనే సంస్థ ఇతియోపియాలో ఐదు ఆసుపత్రుల్లో పని చేసింది. చేతులు కడగడం, ఆటోక్లేవ్ సూచిక చూడటం, యాంటీబయాటిక్ వేళకు ఇవ్వడం, గాజుగుడ్డలు లెక్కపెట్టడం, అన్నీ మనకు తెలిసినవే. ఎక్కడ జారిపోతున్నాయో అక్కడి నర్సులతోనే కూర్చుని చూసి సరిదిద్దారు. ఆపరేషన్ తర్వాత వచ్చే ఇన్ఫెక్షన్లు మూడో వంతు తగ్గాయి.

ఉత్తరప్రదేశ్ కథ మాత్రం వేరు. అక్కడ 120 ఆరోగ్య కేంద్రాల్లో బెటర్‌బర్త్ అని పెద్ద ప్రయత్నం జరిగింది. సగం కేంద్రాలకు కాన్పు చెక్‌లిస్టు ఇచ్చి, ఎనిమిది నెలలపాటు కోచ్‌లను పంపారు. రెండో నెలలో చూస్తే అక్కడ చేయవలసిన పనుల్లో 73 శాతం జరుగుతున్నాయి, కోచ్‌లు లేని చోట 42 శాతమే. ఎంత మార్పో చూడు. కోచ్‌లు వెళ్ళిపోయాక, పన్నెండో నెలలో అది 62కు దిగింది. తల్లుల మరణాలు, శిశు మరణాలు రెండు వైపులా ఒక్కతీరుగానే ఉన్నాయి. చెక్‌లిస్టు మీద టిక్కు పెడితే రక్తం రాదు, సామాను రాదు, ఇంకో నర్సు రాదు. ఈ ఫలితాన్ని దాచకుండా 2017లో వాళ్ళే ప్రచురించారు. అందుకు వాళ్ళ మీద నాకు గౌరవం పెరిగింది. నువ్వు ఆ వ్యాసం వెతికి చదువు, నీ సిలబస్‌లో ఉన్నా లేకున్నా.

మనవాళ్ళు చేసినవాటిలో నాకు బాగా నచ్చింది కరీంనగర్ పని. 2017లో రాష్ట్ర ప్రభుత్వం, యునిసెఫ్, హైదరాబాద్‌లోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి కలిసి స్టాఫ్ నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టాయి. మూడు రోజుల వర్క్‌షాపు పెట్టి సర్టిఫికెట్ చేతిలో పెట్టి పంపలేదు. పద్దెనిమిది నెలలు నేర్పారు. నొప్పులు పడే తల్లిని నడవనివ్వడం, తనకు వీలైన భంగిమలో కాన్పు కానివ్వడం, అవసరం లేని కోత పెట్టకపోవడం, ఏ ఘడియలో డాక్టర్ని పిలవాలో గుర్తుపట్టడం. 2019-20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లేనని తేలింది, దేశంలోనే ఎక్కువ. అలాంటి రాష్ట్రంలో ఒక నర్సు మంచం పక్కన ఓపిగ్గా కూర్చోవడం ఎంత పెద్ద వైద్యమో ఆలోచించు. శిక్షణ అయ్యాక వాళ్ళు సర్కారు దవాఖానల్లోనే, సర్కారు జీతం మీదే పని చేశారు. నేర్పినవాళ్ళు తప్పుకున్నా పని నిలిచే ఏర్పాటు అది.

మన రంగారెడ్డి జిల్లా పల్లెల్లోనూ ఒక పాత సంగతి ఉంది. 1987 నుంచి 90 దాకా జాతీయ పోషకాహార సంస్థవాళ్ళు హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్ళు ఎంచుకున్నారు. 15 ఊళ్ళలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ రోజూ ఉప్మా అందింది, మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో చేసింది. మిగతా 14 ఊళ్ళకు ఆ పోషకాహార పథకం అప్పటికి ఇంకా రాలేదు. లండన్ పరిశోధకులతో కలిసి 2003 తర్వాత ఆ పిల్లల్ని మళ్ళీ కొలిచారు. ఉప్మా అందిన ఊళ్ళ పిల్లలు 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు పెరిగారు, చక్కెర జబ్బుకు దారితీసే లక్షణాలు తక్కువగా ఉన్నాయి. కొలవడానికి పైనుంచి వచ్చారు సరే, ఉప్మా వండి పెట్టింది మాత్రం ఊళ్ళో ఉన్న మనిషే.

ఆపరేషన్ అయినవాళ్ళ ఇంటికి మర్నాడు పోవడం కూడా అట్లాంటి పనే. కుట్ల మీద గుడ్డ మార్చి రావడంతో సరిపోదు. పొట్ట మీద చెయ్యి వేసి చూడు, గట్టిగా ఉందా, ముట్టుకుంటే ఉలిక్కిపడుతోందా. నాడి, బీపీ చూడు. వాంతులయ్యాయా, మూత్రం వచ్చిందా అడుగు. “తిన్నది అరగలేదమ్మా” అని అత్తగారు చెప్తే దాన్నే పట్టుకుని ఓఆర్‌ఎస్ ఇచ్చి తిరిగిరావద్దు. కడుపులో ఇన్ఫెక్షన్ కూడా మొదట అట్లాగే కనబడుతుంది. మంచాల, యాచారం వైపు ఊళ్ళలో రాత్రి తొమ్మిది దాటితే ఆటో దొరకడం కష్టం. అనుమానం వస్తే పగలే 108కు ఫోన్ చేయి.

నువ్వు చేరబోయే సంస్థ ఇంటర్వ్యూలో వాళ్ళు అడిగినవాటికి జవాబు చెప్పాక నువ్వూ అడుగు. ప్రాజెక్టు ఎన్నేళ్ళు, డబ్బు ఆగిపోయాక ఈ పని ఎవరి జీతం మీద నడుస్తుంది, స్థానిక నర్సులకు మీరు నేర్పుతారా లేక వాళ్ళ బదులు మీరే చేసి ఫొటో తీసుకుంటారా. ట్రే దగ్గరున్న నర్సు ఆపమంటే ఆపరేషన్ ఆగుతుందని రాతపూర్వకంగా ఉందా, ఈ ప్రశ్న తప్పకుండా అడుగు. నసిగితే ఇంకో సంస్థను చూసుకో. సర్కారు దవాఖానలో చేరినా మొదటి రోజే సూపరింటెండెంట్‌ను ఇదే అడుగు, అక్కడ ఇంకా ముఖ్యం.

పరీక్షలు అయ్యాక వారం రోజులు నా దగ్గరికి రా. డ్రమ్ము సర్దడం నీకు ఎవరూ సరిగా చూపించి ఉండరు, కుక్కి నింపితే ఆవిరి లోపలికి పోదు. సూచిక టేపు మీద చారలు వస్తే డ్రమ్ముకు వేడి తగిలిందనే, లోపలున్న మూటకు తగిలిందో లేదో అది చెప్పదు. ఆ తేడా చేత్తో చేసి చూపిస్తా. నా పాత ఇన్ఫెక్షన్ కంట్రోల్ పుస్తకం అట్ట ఊడింది గానీ పేజీలన్నీ ఉన్నాయి, తీసుకుపో.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ