గాలి బొమ్మల కంటే ముందు గాలి సంగతి

ప్రశ్న: వారాసిగూడలో మాకు ఖాళీ స్థలం ఉంది. వేసవి సెలవుల్లో పిల్లల కోసం గాలి నింపే జారుడుబల్లలు, జంపింగ్ కాజిల్ పెట్టాలనుకుంటున్నాం. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు

జవాబు: మంచి ఆలోచనండి. అయితే ఏప్రిల్, మే నెలల్లో మన హైదరాబాద్‌లో సాయంత్రం ఉన్నట్టుండి ఈదురుగాలి లేస్తుంది. పిల్లలు ఆడుకునే వేళా అదే. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని డెవన్‌పోర్ట్‌లో సుడిగాలికి జంపింగ్ కాజిల్ ఎగిరిపోయి ఆరుగురు బడిపిల్లలు చనిపోయారు.

యూరప్ ప్రమాణం ప్రకారం గాలి వేగం గంటకు 38 కిలోమీటర్లు దాటితే ఆట ఆపేయాలి. గాలివేగం కొలిచే చిన్న మీటరు కొనండి. మబ్బు కమ్ముతుంటే పిల్లల్ని ముందే దించేయండి. ప్రతి బొమ్మనూ కనీసం ఆరు చోట్ల కట్టాలి. గట్టి మట్టిలో పొడవాటి ఇనుప మేకులు దిగ్గొట్టాలి. సిమెంటు నేలైతే ఒక్కో కట్టుకు 163 కిలోల బరువుండాలి. ఒకట్రెండు ఇసుక బస్తాలతో సరిపెట్టొద్దు.

పైన కరెంటు తీగలు లేనిచోటే పెట్టండి. గాలి నింపే బ్లోయర్ చుట్టూ కంచె వేయండి. ఎండకు బొమ్మల పీవీసీ గుడ్డ బాగా వేడెక్కుతుంది. అరచేత్తో తాకి చూశాకే పిల్లల్ని ఎక్కించండి. చిన్నపిల్లలకు, పెద్దపిల్లలకు వేర్వేరు బొమ్మలు, ఒక్కోదాని దగ్గర ఒక మనిషి తప్పనిసరి. అమ్మానాన్నలకు నీడలో కుర్చీలు వేయండి, పిల్లలు కనిపించేలా.