ఆకు నిగనిగ చూసి మోసపోయాం: మల్బరీ తోట మట్టి సంగతి

ఈసారి పురుగుల గురించి కాదు, పురుగు తినే ఆకు కింద ఉన్న మట్టి గురించి రాస్తున్నాం.

మాది షోలాపూర్ పూర్వభాగం. తాతల కాలంలో తెలంగాణ నుంచి మగ్గం పనికి వచ్చిన పద్మశాలి కుటుంబం. ఇల్లు ఇప్పటికీ ఆ మగ్గాల గల్లీలోనే, పక్కింటి తువ్వాళ్ల పవర్‌లూమ్ చప్పుడు మధ్యే ఉంది. మేము మాత్రం ఊరి బయట రెండెకరాల నల్లరేగడిలో వి1 మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచుతున్నాం.

మొదట్లో 100 గుడ్లకు 65 కిలోల దాకా గూళ్లు తీశాం. ఆకు ఇంకా రావాలని పంట పంటకూ ఎకరానికి రెండు బస్తాల యూరియా చల్లాం. పశువుల ఎరువుకు బండి కిరాయి ఎక్కువవుతోందని దాన్ని మానేశాం. నాలుగో ఏడు వచ్చేసరికి ఆకు నల్లగా నిగనిగలాడుతోంది, కానీ నాలుగో జ్వరం నుంచి లేచిన పురుగులు మెత్తబడిపోయాయి. గూడు వేలితో నొక్కితే లొట్టపోయేది. 40 కిలోలు దాటలేదు. షెడ్డు అప్పు కిస్తీ ఆగింది. మళ్లీ మగ్గం మీద కూర్చుందామా అన్న మాట కూడా ఇంట్లో వచ్చింది.

ఆ ఆకు చూసి మా నాయిన అన్నాడు: "నూలుకు గంజి ఎక్కువ పెడితే చూడనీకి గట్టిగనే ఉంటది బిడ్డా, మగ్గమెక్కినంక పటపట తెగుతది. మీ ఆకు గూడ గట్లనే ఉన్నది."

అప్పుడు కూర్చొని లెక్క వేశాం. నీటి వసతి ఉన్న వి1 తోటకు హెక్టారుకు ఏడాదికి 20 టన్నుల పశువుల ఎరువు, 350 కిలోల నత్రజని, 140 కిలోల భాస్వరం, 140 కిలోల పొటాష్ వేయాలని సిఫారసు. ఎకరానికి చూస్తే ఎరువు 8 టన్నులు, నత్రజని 140 కిలోలు. ఐదు పంటలకు పంచితే పంటకు 28 కిలోలు, అంటే సుమారు 60 కిలోల యూరియా. మేము వేసింది 90. మిగతావన్నీ సున్నా. నత్రజని ఒక్కటే ఎక్కువైతే ఆకు మెత్తబడి పస తగ్గుతుంది. పురుగు జన్మంతా తినే ఆకులో 80 శాతం పైన ఐదో దశలోనే తింటుంది కదా, దెబ్బ అక్కడే బయటపడింది. పైగా ఏడాదికి ఐదుసార్లు ఆకు, కొమ్మ కోసుకుపోతున్నాం. నేలకు తిరిగి ఇచ్చింది ఏమీ లేదు.

మట్టి పరీక్ష చేయించాం. మల్బరీ వేరు లోతుకు పోతుంది, కాబట్టి పై అడుగు మట్టి ఒకటి, దాని కింది అడుగు మట్టి ఒకటి విడివిడిగా తీయాలి. తోటలో 8, 10 చోట్ల తీసి కలపండి, గట్టు పక్కన, ఎరువు కుప్ప పోసిన చోట తీయొద్దు. సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ కింద లెక్క. మాది 0.38 వచ్చింది. ఉదజని సూచిక 8 దాటింది. అలాంటి నేలలో జింకు, ఇనుము ఉన్నా మొక్కకు సరిగా అందవు.

జూన్‌లో కొమ్మలు కొట్టాక 5 అడుగుల సాళ్ల మధ్య జనుము చల్లాం. పూత మొదలవగానే, సుమారు 45 రోజులకు, కలియదున్నాం. ముదిరితే కాడ నారగట్టి తొందరగా కుళ్లదు, ఆలస్యం చేయొద్దు.

ఇక్కడ ఇంకో తప్పు చేశాం, మీరు చేయకండి. షెడ్డులోని పురుగుల పెంటిక, మిగిలిన ఆకు మంచి ఎరువే కదా అని పచ్చిగానే తోటలో పోశాం. అందులో పాలరోగంతో చచ్చిన పురుగులూ ఉన్నాయి. రోగం ఆకుతో పాటు మళ్లీ షెడ్డుకే వచ్చింది, ఆ పంట సగం పోయింది. ఇప్పుడు చచ్చిన పురుగులను ఏరి సున్నం వేసి దూరంగా పూడుస్తాం. మిగతాది షెడ్డుకు దూరంగా గుంటలో పేడ, మట్టి పొరలతో వేసి, పైన బురద మెత్తి మూడు నాలుగు నెలలు మాగనిస్తాం. గల్లీలో దూది చెత్త ఊరికే దొరుకుతుంది కానీ రంగు నూలు కలిసింది మేము ముట్టుకోం.

యూరియా ఒక్కసారిగా ఆపేయమని మేము చెప్పం. ఆపితే ఆకు తగ్గుతుంది, ఆ పంటకు గుడ్లు కూడా తగ్గించుకోవాలి. మేము 90 నుంచి 60కి, తర్వాత 40కి వచ్చాం. మందుల విషయంలో మాత్రం బేరం లేదు. మన పురుగూ పురుగే, పక్క ద్రాక్ష తోటలో కొట్టిన మందు గాలికి వచ్చినా చస్తుంది. పక్క రైతును బతిమాలి, మందు కొట్టే ముందు రోజు ఫోన్ చేయమన్నాం.

మూడేళ్లకు కర్బనం 0.46 అయింది. ఇంకా తక్కువే. పోయిన పంటలో 100 గుడ్లకు 61 కిలోలు వచ్చాయి.