పంచుకుంటే పెరిగే విజ్ఞానం



విద్యాధనం పంచినకొద్దీ పెరుగుతుందని మన పెద్దలు అంటారు. నేలను, ఆకాశాన్ని, గ్రహాలను గురించి చదివే శాస్త్రాలకు ఈ మాట మరీ బాగా వర్తిస్తుంది. ఎలాగో రెండు నిజమైన ఉదాహరణలతో తెలుసుకుందాం.

చుక్కను పట్టిన కళ్లు

మనకు దగ్గర్లోనే ఉన్న శ్రీహరికోట నుంచి 2019 జులై 22న చంద్రయాన్-2 బయలుదేరింది. సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రుని మీద దిగుతుండగా విక్రమ్ ల్యాండర్‌తో సంబంధాలు తెగిపోయాయి. అమెరికా సంస్థ నాసా తన ఉపగ్రహం తీసిన ఆ ప్రాంతపు ఫోటోలను సెప్టెంబరు 26న అందరికీ ఉచితంగా విడుదల చేసింది. చెన్నైలోని షణ్ముగ సుబ్రమణియన్ అనే ఇంజనీరు పాత ఫోటోను, కొత్త ఫోటోను పక్కపక్కన పెట్టి ఓపికగా వెతికాడు. అంతకుముందు లేని ఒక చిన్న తెల్లని చుక్క ఆయనకు కనిపించింది. వెంటనే నాసాకు రాశాడు. అక్కడి శాస్త్రవేత్తలు మరిన్ని ఫోటోలతో సరిచూసి, అది విక్రమ్ శకలమేనని డిసెంబరు 2న ఆయన పేరుతో సహా ప్రకటించారు. ఆయన ఏ అంతరిక్ష సంస్థలోనూ ఉద్యోగి కాడు. ఫోటోలు బీరువాలో ఉండి ఉంటే ఆయన ఓపిక ఎవరికి ఉపయోగపడేది?

నౌక ఆగినా ఆగని పరిశోధన

2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1 పని 2009 ఆగస్టులో ఆగిపోయింది. అందులోని నాసా పరికరం పంపిన కొలతల వల్లే చంద్రునిపై నీటి జాడ ఉందని ఆ సెప్టెంబరులో లోకానికి తెలిసింది. ఆ కొలతలను భద్రపరిచి అందరికీ అందుబాటులో ఉంచారు. వాటినే మళ్లీ పరిశీలించిన శాస్త్రవేత్తలు ధ్రువాల దగ్గర నీడలో మంచు ఉందని 2018లో తేల్చారు. అంటే నౌక మూగబోయిన తొమ్మిదేళ్లకు కూడా దాని కొలతలు కొత్త సంగతి చెప్పాయి. మన ఇస్రో కూడా చంద్రయాన్-3 సమాచారాన్ని 2024 ఆగస్టు 23న విడుదల చేసింది.

ఎలా పంచుకోవాలి?

నోటుబుక్కులో "38" అని రాసి ఉందనుకోండి. అది ఉష్ణోగ్రతా? వర్షపాతమా? ఏ ఊరిలో? ఏ రోజు? ఏ పరికరంతో? ఇవేవీ లేకుంటే ఆ అంకె ఎవరికీ పనికిరాదు. అందుకే 2016లో శాస్త్రవేత్తలు నాలుగు సూత్రాలు ప్రకటించారు.

1. సమాచారం వెతికితే దొరకాలి.
2. దానిని పొందే దారి స్పష్టంగా ఉండాలి.
3. ఇతరుల సమాచారంతో కలిపి చూసేందుకు వీలుండాలి.
4. మళ్లీ వాడుకోవడానికి పనికిరావాలి.

పంచుకోవడమంటే శ్రమపడినవారిని మరచిపోవడం కాదు. సేకరించినవారు మొదట పరిశోధించుకోవడానికి కొంత గడువు ఇస్తారు. తర్వాత వాడుకునేవారు వారి పేరు తప్పక చెప్పాలి. చెప్పకపోతే అది పరీక్షలో కాపీ కొట్టడం లాంటిదే.

మనకేమిటి లాభం?

2015లో ప్రారంభమైన ఐఐటీ, ఐసర్ సంస్థల ప్రాంగణాలు ఈనాడు మన ఏర్పేడు మండలంలోనే ఉన్నాయి. ఆ గేటు చూసి "మనలాంటి వాళ్లకు ఇవి ఎక్కడివి?" అనుకునే పిల్లలున్నారు. కానీ 1972 నుంచి భూమిని ఫోటోలు తీస్తున్న ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి అందరికీ ఉచితం. అంతకుముందు ఒక్కో చిత్రానికి వందల డాలర్లు కట్టవలసి వచ్చేది. మన దేశంలో కూడా ప్రజాధనంతో సేకరించిన సమాచారాన్ని ప్రజలకు అందించాలని 2012లో ఒక జాతీయ విధానం వచ్చింది. ఐఐటీ ఆచార్యుడు చూసే చిత్రాన్నే హాస్టల్ విద్యార్థి కూడా కంప్యూటరులో చూడవచ్చు. 2021 నవంబరు వరదలకు ముందు స్వర్ణముఖి ఎలా ఉంది, తర్వాత ఎలా మారింది, చెరువులు ఎంత కుదించుకుపోయాయి అన్నవి మనమే పోల్చి చూడవచ్చు.

ఈ రోజే మొదలుపెట్టండి. నిలువు గోడల డబ్బా ఒకటి ఆరుబయట ఉంచి, వాన కురిసిన ప్రతిసారీ నీటి ఎత్తును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలవండి. తేదీ, సమయం, చోటు రాయండి. కొలవలేకపోయిన రోజున "కొలవలేదు" అని రాయండి గాని సున్నా వేయకండి. ఆ పుస్తకాన్ని వచ్చే ఏడాది తమ్ముళ్లకు అప్పగించండి. పదేళ్లు సాగితే అది మన ఊరి వాన చరిత్ర అవుతుంది.

పరికరాలు కొనే స్తోమత మనకు లేకపోవచ్చు. చూసే కళ్లు, రాసే నిజాయితీ, పంచే మనసు ఉంటే మనమూ శాస్త్రజ్ఞులమే!